దేవదాసు జబ్బు.. శరత్ జీవితం

మా మెడికల్ వార్డులో ఆ మధ్య ఒక కుర్రాడు చేరాడు. ముప్ఫై ఒకటో ఏడు. కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది, కాళ్లకు నీరు పట్టింది. కేస్ షీట్ రాసుకోవడానికి వివరాలు అడుగుతుంటే వాళ్లన్నయ్య అందుకుని, ప్రేమించిన అమ్మాయికి వేరే సంబంధం చేశారనీ, అప్పట్నుంచీ మావాడు దేవదాసు అయిపోయాడనీ చెప్పాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో బాధ ఉంది. దాని వెనకాల కాస్త మురిపెం కూడా ఉంది. ఏడేళ్లుగా తాగుతున్నాడట. ఇన్నేళ్లలో ఒక్కసారైనా డాక్టరుకు చూపించారా అని అడిగితే, దేవదాసుకు మందేముంటుందన్నట్టు నా వంక చూశాడు.

ఆ రాత్రి ఇంటికెళ్లాక అలమరలోంచి శరత్ పుస్తకం తీశాను. ఇంటర్ చదివే రోజుల్లో దుప్పటి ముసుగేసుకుని ఏడ్చిన పుస్తకం. ఈసారి ఏడుపు రాలేదు. వార్డులో రౌండ్స్‌కి తిరుగుతున్నట్టే ఉంది. ఇంత కచ్చితంగా ఈ జబ్బును రాసినాయన ఎవరు, ఎలా బతికాడు, ఏ జబ్బుతో పోయాడు అన్న కుతూహలం అక్కడ మొదలైంది.

శరత్‌చంద్ర చటోపాధ్యాయ 1876 సెప్టెంబర్ 15న బెంగాల్‌లోని హుగ్లీ జిల్లా దేవానందపూర్‌లో పుట్టాడు. తండ్రి మోతీలాల్ చదువుకున్నవాడే గానీ ఏ ఉద్యోగంలోనూ నిలవలేదు. కథలు మొదలుపెట్టేవాడు, పూర్తిచేసేవాడు కాదు. బొమ్మ సగం గీసి వదిలేసేవాడు. ఇల్లు గడవక కుటుంబం తరచూ బీహార్‌లోని భాగల్పూర్‌కి, శరత్ అమ్మమ్మగారింటికి చేరేది. మేనమామల ఇంట్లో అల్లుడు, కూతురు, పిల్లలు ఏళ్ల తరబడి ఉండిపోతే ఆ ఇంట్లో గాలి ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. తండ్రి వదిలేసిన కాగితాల కట్టలు తీసి, ఈ కథ తర్వాత ఏమై ఉంటుందా అని ఆలోచిస్తూ ఆ పిల్లవాడు రాత్రులు మేలుకునేవాడు. రాయడం అలా అబ్బింది.

1894లో ఎంట్రన్స్ పరీక్ష పాసయ్యాడు. మరుసటి ఏడు తల్లి భువనమోహిని పోయింది. ఇంటిని కాస్తో కూస్తో నిలబెట్టిన మనిషి ఆవిడే. తర్వాత ఎఫ్.ఏ. పరీక్షకు ఫీజు కట్టే దారిలేక చదువు ఆగిపోయింది. ఆ కొద్దిపాటి డబ్బు దొరక్క డిగ్రీ లేకుండా పోయిన మనిషికి, 1936లో ఢాకా విశ్వవిద్యాలయం పిలిచి డాక్టరేట్ ఇచ్చింది. మధ్యలో నలభై ఏళ్లు గడిచాయి.

తండ్రితో గొడవపడి ఇల్లు వదిలి కొన్నాళ్లు సన్యాసి వేషంలో తిరిగాడు. తండ్రి చనిపోయాడని తెలిసి తిరిగొచ్చి, తమ్ముళ్లను, చెల్లెలిని తెలిసినవాళ్ల ఇళ్లలో సర్దాడు. 1903లో రంగూన్ ఓడెక్కాడు. అప్పటికి వయసు ఇరవై ఆరు. బర్మా బయల్దేరేముందు భాగల్పూర్‌లో స్నేహితుల దగ్గర వదిలేసిన రాతప్రతుల్లో ఒకటి 'దేవదాసు'. అది సుమారు 1901 నాటి రచన. అంటే ఇన్ని తరాల్ని ఏడిపించిన ఆ నవల పాతికేళ్లు నిండీ నిండని ఒక నిరుద్యోగి రాసిపెట్టింది.

శరత్‌కి ఆ పుస్తకం నచ్చేది కాదు. 1913లో ఒక స్నేహితుడు దాన్ని అచ్చు వేయిద్దామంటే వద్దని ఉత్తరం రాశాడు. తాగిన మైకంలో రాసిన పుస్తకమనీ, తలుచుకుంటే సిగ్గుగా ఉంటుందనీ చెప్పుకున్నాడు. ఒక డాక్టరుగా నాకు ఈ సంగతి చాలా ముఖ్యమనిపించింది. తాగుడు గురించి ఒడ్డున నిలబడి రాసినవాడు కాదాయన. లోపల మునిగి చూసినవాడు.

ఇప్పుడు నవలలోకి వద్దాం. సినిమా కాసేపు మర్చిపోండి. జమీందారు కొడుకు దేవదాసు, పొరుగింటి పిల్ల పార్వతి. చిన్నప్పట్నుంచీ కలిసి పెరిగారు. అతను ఆమెను కొట్టేవాడు, ఆమె పడేది. పెళ్లి మాట వచ్చినప్పుడు పెద్దలు అంతస్తు చాలదన్నారు. పార్వతి అర్ధరాత్రి అతని గదికి వచ్చి అడిగితే, అతను తేల్చుకోలేకపోయాడు. కలకత్తా వెళ్లిపోయి, ఆమె మనసు విరిగేలా ఉత్తరం రాశాడు. తర్వాత పశ్చాత్తాపపడి తిరిగొచ్చాడు. అప్పటికి ఆమెకు సంబంధం కుదిరింది. ఆమె ఒప్పుకోకపోతే చేతిలోని గాలపు కర్రతో నుదుటి మీద కొట్టాడు. రక్తం కారింది.

ఈ దెబ్బను మనవాళ్లు ప్రేమ గుర్తు అని చెప్పుకుంటారు. నేను అలా చదవలేను. మెడికో లీగల్ కేసులు చూసే చేతులతో ఆ పేజీ తిప్పితే అది దెబ్బలాగే కనిపిస్తుంది. కోపాన్ని ఆపుకోలేకపోవడం, నిర్ణయం తీసుకోలేకపోవడం, తీసుకోనందుకు తనను తానే తిట్టుకోవడం, ఇవన్నీ సీసా పట్టకముందే దేవదాసులో ఉన్నాయి. చున్నీలాల్ అనే స్నేహితుడు అతన్ని చంద్రముఖి ఇంటికి తీసుకెళ్లడం, అక్కడ తాగుడు అలవాటు కావడం ఆ తర్వాతి కథ.

మా దగ్గరికొచ్చే కుటుంబాలు చాలాసార్లు అడిగే ప్రశ్న ఒకటుంది. మనసు బాగాలేక తాగుతున్నాడా, తాగడం వల్ల మనసు పాడైందా? రెండూ నిజమే కావచ్చు. దిగులుగా ఉన్నవాడికి మొదటి గ్లాసు కాసేపు బరువు దించినట్టు అనిపిస్తుంది. కానీ మద్యం మెదడును మందగింపజేసే పదార్థం. రాత్రి నిద్రను చెడగొడుతుంది, తెల్లారేసరికి ఆందోళన పెంచుతుంది, ఆకలి చంపుతుంది. ఆ దిగులు పోగొట్టుకోవడానికి మళ్లీ సాయంత్రం గ్లాసు. ఇలా ఏళ్లు గడిచాక అసలు బాధ ఏదో, మద్యం తెచ్చిపెట్టిన బాధ ఏదో రోగికే తెలియదు. తాగుడు పూర్తిగా మానిన మూడు నాలుగు వారాలకు చాలామందిలో దిగులు దానంతటదే తగ్గడం మేం చూస్తాం. అప్పటికీ తగ్గకపోతే అది విడిగా వైద్యం చేయాల్సిన డిప్రెషన్. ఎటు చూసినా వైద్యం ఉన్న జబ్బే.

నవల చివరికొచ్చేసరికి దేవదాసుకు లివర్ చెడింది. జ్వరం, కడుపులో నొప్పి, మనిషి చిక్కిపోవడం. ఊరూరా తిరుగుతాడు. చంద్రముఖి వెతికి పట్టుకుని సేవ చేస్తే కొంచెం కోలుకుంటాడు, మళ్లీ జారిపోతాడు. చావు దగ్గరపడిందని తెలిశాక పార్వతికిచ్చిన మాట గుర్తొచ్చి, పాండువా స్టేషన్‌లో రైలు దిగి, ఎడ్లబండిలో ఆమె అత్తవారి ఊరికి బయల్దేరతాడు. చివరి గంటల్లో రక్తస్రావం మొదలవుతుంది. ఆమె ఇంటి ముందు చెట్టు కింద ప్రాణం పోతుంది.

లివర్ సిరోసిస్ ముదిరిన రోగిని చూసిన ఏ డాక్టరైనా ఈ పేజీల్ని గుర్తుపడతాడు. ఏళ్ల తరబడి మద్యం పోస్తే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడుతుంది. రక్తం దాని గుండా పారలేక వెనక్కి తన్నుతుంది. అన్నవాహికలో నరాలు ఉబ్బి ఒకరోజు పగులుతాయి. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లు తయారుచేసేదీ కాలేయమే కాబట్టి కారడం మొదలైన రక్తం ఓ పట్టాన ఆగదు. ఇప్పుడైతే ఎండోస్కోపీతో ఉబ్బిన నరాలకు బ్యాండ్లు వేస్తాం, రక్తం ఎక్కిస్తాం. దేవదాసు కాలంలో బండి తోలేవాడి దగ్గర ఉన్నది మంచినీళ్లే.

పార్వతి సంగతి ఎవరూ అడగరు. తన కంటే చాలా పెద్దవాడైన, పిల్లలున్న జమీందారుకు రెండో భార్యగా వెళ్లి, ఆ ఇంటి బరువంతా నెత్తినేసుకుంది. ఆవిడ దుఃఖం కూడా దేవదాసు దుఃఖమంతదే. కానీ ఆవిడ వంట చేసింది, పిల్లల్ని చూసింది, దానధర్మాలు చేసింది. మా ఓపీకి తలనొప్పి, నడుంనొప్పి, గుండెదడ అంటూ వచ్చే ఆడవాళ్లలో ఎందరో పార్వతులుంటారు. ఈసీజీ నార్మల్, థైరాయిడ్ నార్మల్. రాత్రి నిద్ర పడుతోందా అని అడిగేసరికి కళ్లు నిండుతాయి. తాగే మగవాడి బాధ కనిపించినట్టు పనిచేసే ఆడదాని బాధ ఇంట్లోవాళ్లకు కనిపించదు.

ఇక శరత్ రంగూన్ జీవితం. అది చదువుతుంటే నవల కంటే ఎక్కువ కదిలిపోయాను.

బర్మాలో ఆయన గుమాస్తా. మొదట రైల్వే ఆడిట్ ఆఫీసులో, తర్వాత పబ్లిక్ వర్క్స్ అకౌంట్స్‌లో. ఫ్యాక్టరీల్లో, రేవులో పనిచేసే మిస్త్రీలు, కూలీలు ఉండే పేటలో కాపురం. వాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు, తగాదాలు తీర్చేవాడు, హోమియోపతి పుస్తకాలు చదివి మందులిచ్చేవాడు. నేను అల్లోపతి డాక్టర్ని కాబట్టి ఆ మందుల గురించి మాట్లాడను గానీ, జ్వరంతో పడున్న కూలీ పక్కన రాత్రంతా కూర్చునేవాడొకడు ఉండటం మాత్రం ఏ వైద్యంలోనైనా సగం బలమే.

ఆ పేటలోనే ఒక బెంగాలీ మిస్త్రీ కూతురు శాంతి. తండ్రి ఆమెను ఒక తాగుబోతుకు కట్టబెట్టబోతుంటే ఆమె శరత్‌ను ఆశ్రయించిందనీ, ఆయన తానే పెళ్లి చేసుకున్నాడనీ జీవితచరిత్రలు చెబుతాయి. దేవదాసును సృష్టించినాయన ఒక అమ్మాయిని దేవదాసు లాంటివాడి చేతిలో పడకుండా తప్పించాడన్నమాట. వాళ్లకొక మగబిడ్డ పుట్టాడు.

1905 నుంచి రంగూన్‌లో ప్లేగు ఉంది. 1908లో అది శరత్ ఇంటికొచ్చింది. భార్య పోయింది. ఏడాది వయసున్న కొడుకు పోయాడు. ప్లేగు సూక్ష్మజీవిని 1894లోనే కనిపెట్టారు, టీకా కూడా 1897లో బొంబాయిలో తయారైంది. కానీ జబ్బు పట్టుకున్నాక నయం చేసే యాంటీబయాటిక్ రావడానికి 1940లు దాకా ఆగాల్సి వచ్చింది. ఈ రోజు మా అత్యవసర విభాగానికి వేళకు తీసుకొస్తే బతికించగల తల్లీబిడ్డలు వాళ్లిద్దరూ.

అప్పుడు శరత్ వయసు ముప్ఫై రెండు. పరాయి దేశం, చిన్న ఉద్యోగం, ఇంట్లో ఎవరూ లేరు. ఆయన ఆ రోజుల్లో చెక్కుచెదరకుండా ఉన్నాడని నేను రాయను. విపరీతంగా పొగాకు తాగేవాడు, నల్లమందు అలవాటుండేది, మద్యం సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. అయినా ఆఫీసుకు వెళ్లడం మానలేదు. పుస్తకాలు తెచ్చుకుని చదివాడు. బొమ్మలు వేశాడు. పేటలో జనంతో పాటలు పాడాడు. కొన్నాళ్లకు హిరణ్మయీదేవిని చేసుకున్నాడు, ఆ కాపురం చివరిదాకా నిలిచింది. 1912లో ఇల్లు కాలిపోయింది. పుస్తకాలు, వేసిన బొమ్మలు, 'చరిత్రహీన్' నవల రాతప్రతి బూడిదయ్యాయి. ఆ నవలను మళ్లీ మొదట్నుంచి రాశాడు.

నష్టం మీద నష్టం వచ్చినప్పుడు ఒకడు ఎందుకు తిరిగి లేస్తాడో, మరొకడు ఎందుకు లేవలేడో పూర్తిగా చెప్పే శాస్త్రం ఇంకా రాలేదు. వంశంలో ఉన్న లక్షణాలు, చిన్నప్పటి ఇల్లు, పక్కనున్న మనుషులు, చేతిలో పని, అన్నీ కలిసి ఏదో తేలుతుంది. శరత్ లేచాడు కాబట్టి మీరూ లేవండి అని రోగికి చెప్పడం అన్యాయం. కాలు విరిగినవాడికి పరుగుపందెం గెలిచినవాడి కథ చెప్పినట్టుంటుంది. నాకు ఇందులో కనిపించింది ఒక్కటే. ఆయన రోజు ఖాళీగా లేదు, ఆయన చుట్టూ ఉన్న పేట ఖాళీగా లేదు. దేవదాసుకు డబ్బుంది, తీరిక ఉంది, ఒక ముసలి నౌకరు ధర్మదాసు తప్ప ఎవరూ లేరు.

శరత్‌కు తెలియకుండానే 1907లో 'భారతి' పత్రికలో ఆయన 'బడదీదీ' అచ్చయి, ఇది రవీంద్రుడు మారుపేరుతో రాశాడేమోనని బెంగాల్ అనుకుంది. తర్వాత పత్రికలవాళ్లు రంగూన్‌కి ఉత్తరాలు రాసి కథలు తెప్పించుకున్నారు. 1916లో ఆరోగ్యం దెబ్బతిని ఉద్యోగం వదిలేసి హౌరా వచ్చేశాడు. ఆ మరుసటి ఏడు, తనకు సిగ్గుచేటనుకున్న 'దేవదాసు' పుస్తకంగా వచ్చింది. ఆ తర్వాతి సంగతులు మీకు తెలిసినవే. కలానికి వచ్చే డబ్బుతోనే బతికాడు, రూప్‌నారాయణ్ నది ఒడ్డున సామ్తాబేర్‌లో ఇల్లు కట్టుకున్నాడు, హౌరా జిల్లా కాంగ్రెస్‌కి అధ్యక్షుడిగా పనిచేశాడు, 'పథేర్ దాబీ' నవలను ప్రభుత్వం నిషేధించేంత ధైర్యంగా రాశాడు.

ఆయన మన ఇంటి మనిషైపోవడానికి మరో జబ్బు కారణం. తెనాలికి చెందిన చక్రపాణికి క్షయ సోకింది. 1932లో మదనపల్లె శానిటోరియంలో చేరాడు. స్ట్రెప్టోమైసిన్ ఇంకా రాని కాలం. విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, ఎదురుచూపు, వైద్యమంటే చాలావరకు అదే. ఆ ఎదురుచూపులో పక్క రోగి దగ్గర బెంగాలీ నేర్చుకున్నాడు. బయటికొచ్చి శరత్‌ను తెలుగు చేశాడు. మన అమ్మమ్మలు శరత్ తెలుగువాడేమో అనుకునేంత తేటగా చేశాడు. తర్వాత విజయా సంస్థకు, 'చందమామ'కు మూలస్తంభమైన చక్రపాణి ఆయనే. ఆసుపత్రి మంచం మీద పడున్న రోజులు వృథా అని బాధపడే పేషెంట్లకు నేను ఈ సంగతి చెబుతుంటాను.

1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో 'దేవదాసు' సినిమా వచ్చాక నవల వెనక్కి పోయి, అక్కినేని ముఖం ముందుకొచ్చింది. ఆ బరువైన కళ్ల కోసం రాత్రిపూట పెరుగన్నం కడుపునిండా తిని, నిద్ర ముంచుకొస్తుంటే షూటింగ్ చేసేవాళ్లమని ఆయనే ఎన్నోసార్లు చెప్పారు. అంటే మనం మద్యమని చూసి మురిసిపోయింది పెరుగన్నం మహిమ. హిందీలో 1936లో అదే పాత్ర వేసిన సైగల్‌ది అలా కాదు. తాగుడు వదల్లేక 1947లో నలభై రెండేళ్లకే కన్నుమూశాడు. తెర మీద చావు అందంగా ఉంటుంది. సిరోసిస్ వాసన తెరకు అంటదు.

శరత్ మాత్రం తన హీరోని అనుకరించమని ఎక్కడా రాయలేదు. నవల ముగిస్తూ ఆయన పాఠకుల్ని కోరింది కాస్త జాలి. చనిపోయే వేళ నుదుటి మీద ఒక ఆప్యాయమైన చేయి లేకుండా ఎవరూ పోకూడదన్న ప్రార్థన. మనం ఆ జాలిని వదిలేసి గడ్డాన్ని, శాలువాను తీసుకున్నాం. కాలేజీ కుర్రాడు రెండు వారాలకు మించి అన్నం సరిగా తినకుండా, నిద్రపోకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే లవ్ ఫెయిల్యూర్ అని నవ్వి ఊరుకుంటాం. చనిపోవాలనుందని అంటే బెదిరిస్తున్నాడనుకుంటాం. అలా అన్నవాణ్ని ఒంటరిగా వదలకూడదు, అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఎవరికి చూపించాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఖర్చుండదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకోటి. రోజూ బాగా తాగేవాడిని ఒట్టు వేయించి, గదిలో పెట్టి, ఉన్నట్టుండి మాన్పించే ప్రయత్నం ఇంట్లో చేయకండి. మొదటి రోజు చేతులు వణుకుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనిపోనివి కనిపించి, మతి తప్పి మాట్లాడవచ్చు. గాలి సోకిందని అప్పుడు తాయెత్తు కట్టించి, ఆలస్యంగా మా దగ్గరికి తెచ్చినవాళ్లున్నారు. ఆ దశలో ప్రాణానికే ముప్పు. మందులతో, బీ1 విటమిన్ ఇంజెక్షన్లతో ఆసుపత్రిలో మాన్పిస్తే ఆ వారం సాఫీగా గడుస్తుంది.

శరత్ చివరి జబ్బు కూడా కాలేయానిదే. 1937లో ఒంట్లో బాగుండక కలకత్తా తీసుకెళ్లారు. లివర్‌లో క్యాన్సర్, పొట్టకు కూడా పాకిందని తేలింది. బిధాన్ చంద్ర రాయ్ లాంటి పెద్ద వైద్యులు చూశారు. 1938 జనవరి 12న పార్క్ నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ చేశారు. నాలుగు రోజులు బతికాడు. జనవరి 16 ఉదయం పోయాడు. అప్పటికి వయసు అరవై ఒకటి. ఆ క్యాన్సర్‌కి ఆయన పాత అలవాట్లే కారణమని ఇన్నేళ్ల తర్వాత ఏ డాక్టరూ చెప్పలేడు, నేనూ చెప్పను. తన దేవదాసుకు దక్కనిది ఆయనకు దక్కింది. ఆ నాలుగు రోజులూ చుట్టూ తనవాళ్లున్నారు.

మా వార్డు కుర్రాడికి పొట్టలో నీళ్లు తీశాం, ఎండోస్కోపీ చేయించాం. నాలుగో రోజు నుంచి కాస్త తేటగా మాట్లాడాడు. అమ్మాయి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. తండ్రి పోయిన ఏడాది గురించి చెప్పాడు, ఆ ఏడాదే ఉద్యోగం పోవడం గురించి చెప్పాడు. వాళ్లన్నయ్య మంచం పక్కన నిలబడి మొదటిసారి వింటున్నట్టు విన్నాడు. డిశ్చార్జి రోజు మానసిక విభాగం ఓపీ ఏ వారం ఉంటుందని నన్ను అడిగాడు. చీటీ మీద రాసిచ్చాను.